కామెడీ రాస్తానన్న అమ్మాయికి ఓ ఉత్తరం

అమ్మాయ్,

నీ స్క్రిప్టు అందింది. రెండుసార్లు చదివాను, రెండోసారి పెన్సిల్ పట్టుకుని చదివాను. దాని సంగతి చివర్లో చెప్తాను. ముందు నువ్వు దాంతోపాటు రాసిన నాలుగు ముక్కల గురించి మాట్లాడుకోవాలి, ఎందుకంటే పొద్దుటినుంచీ నా బుర్రలో తిరుగుతున్నవి అవే. "ఇప్పుడు కామెడీ ఎక్కడుంది సార్, అంతా వెటకారం, డబుల్ మీనింగులు, పాత సినిమాల్లో ఉన్నలాంటి స్వచ్ఛమైన హాస్యం మళ్లీ తేవాలని నా కోరిక" అన్నావు. ఇరవై రెండేళ్ల పిల్లవి నువ్వు పుట్టకముందటి నవ్వుల మీద ఇంత బెంగ పెట్టుకున్నావంటే నాకు సంతోషమే, ఆ నవ్వుల్లోనే పెరిగినవాణ్ణి కదా నేను. కానీ ఆ బెంగతో రాయడానికి కూర్చోవద్దమ్మా.

అహ నా పెళ్ళంట 1987లో వచ్చింది. నేను నేల క్లాసులో చూశాను. పిసినారి లక్ష్మీపతి కోడిని పైనుంచి వేలాడదీసి, దాన్ని చూసుకుంటూ వట్టి అన్నం తినే సీను నువ్వు యూట్యూబులో చూసే ఉంటావు, మీమ్‌గా అయినా చూసే ఉంటావు. హాల్లో నా పక్కన ఒకావిడ చంటిపిల్లాణ్ణి ఒళ్లో వేసుకుని కూర్చుంది, ఆ సీను రాగానే ఆవిడ నవ్విన నవ్వుకి పిల్లాడు ఉలిక్కిపడి లేచి ఏడుపు మొదలెట్టాడు, ఆవిడ వాణ్ణి జోకొడుతూనే నవ్వుతోంది, వెనకాల బెంచీలో ఎవరో పొలమారి దగ్గుతున్నారు, తెర మీద తర్వాతి డైలాగు ఒక్క ముక్క వినపడలేదు. నేనూ నవ్వాను కడుపు నొప్పి పుట్టేలా. కానీ రూముకొచ్చాక నిద్ర పట్టలేదు. అందులో జోకు ఎక్కడుందబ్బా అని వెతికాను. మాటలో లేదు. కోట శ్రీనివాసరావుగారి మొహంలో చిలిపితనం ఇంత కూడా లేదు. ఆయన దగ్గర అది లెక్క, పద్దు, ఇంటి ఖర్చు. కోడిని కోస్తే కూర ఒక్క పూటకే అయిపోతుంది, చూస్తూ తింటే ఎన్ని పూటలైనా వస్తుంది, ఇందులో నవ్వడానికేముంది అన్నట్టు తింటాడు మనిషి. వాడికి తను కామెడీ చేస్తున్నానని తెలీదు! నాకు ఆ రాత్రి దొరికింది ఇదొక్కటే, ఇప్పటికీ నా దగ్గరున్న పెట్టుబడి కూడా ఇదే.

కావాలంటే వెనక్కి వెళ్లి చూడు. కన్యాశుల్కంలో గిరీశం తను మోసగాణ్ణని ఒక్కసారి అయినా అనుకుంటాడా? దేశాన్ని ఉద్ధరిస్తున్నాననే అనుకుంటాడు చుట్ట కాలుస్తూ. మొగల్తూరునుంచి లండన్ బయల్దేరిన పార్వతీశం మద్రాసులో ఆడవాళ్ల టోపీ కొనుక్కుని పెట్టుకుని నడిచాడంటే, బారిస్టరు కాబోయేవాడు టోపీ లేకుండా ఎలా వెళ్తాడు అనే ఆలోచనతోనే నడిచాడు. బుడుగు పెద్దవాళ్లకి ప్రెవేటు చెప్తానంటే వాడు నిజంగానే చెప్దామనే. మాయాబజార్‌లో శశిరేఖ వేషంలో ఉన్న ఘటోత్కచుడి పక్కన పెళ్లికొడుకుగా కూర్చున్న లక్ష్మణకుమారుడికి, రేలంగిగారు ఎంత హుందా ఇచ్చారో చూడు, ఆ హుందానే నవ్వు. వీళ్లెవ్వరూ మనల్ని నవ్విద్దామని రాలేదమ్మా, వాళ్ల పని మీద వాళ్లొచ్చారు.

నాట్యశాస్త్రంలో భరతుడు హాస్యాన్ని ఆత్మస్థం, పరస్థం అని రెండు రకాలు చేశాడు, తను నవ్వితే ఆత్మస్థం, ఎదుటివాణ్ణి నవ్విస్తే పరస్థం. చదువుకునే రోజుల్లో పరీక్ష కోసం బట్టీ పట్టాను గానీ రాయడం మొదలెట్టాకే అర్థమైంది అదెంత పనికొచ్చే మాటో. ఈ రోజుల్లో చాలా స్కిట్లలో నాకు నచ్చనిది బూతు కాదు, ఇదే. పంచ్ వేసినవాడే ముందు నవ్వుతాడు, పక్కవాడు "అబ్బా ఏం వేశావురా" అంటాడు, కూర్చున్న జడ్జీలు నవ్వుతారు, ఆ పైన ఒక డప్పు సౌండు, ఇన్ని నవ్వులయ్యాక ఇంట్లో కూర్చున్నవాడికి నవ్వడానికి ఏం మిగుల్తుంది?

అలాగని కొత్తదంతా చెత్త అనే మాట నా నోట రాదు, నువ్వు కూడా అనకు. పెళ్ళిచూపులు 2016లో వచ్చినప్పుడు నేను మళ్లీ ఆ నేల క్లాసు రోజుల్లోలాగా నవ్వాను. మాటలకి జాతీయ అవార్డు ఇచ్చారు దానికి, న్యాయంగా ఇచ్చారు. పాత సినిమాల్లో తెలంగాణ యాస అంటే రౌడీకో పనిమనిషికో ఇచ్చేవాళ్లు, ఆ యాస వినపడితేనే నవ్వాలన్నట్టు ఉండేది, ఉత్తరాంధ్ర యాసకీ అదే గతి. ఆ యాస మాట్లాడేవాళ్లు హాల్లో మన పక్కనే కూర్చుని ఏమనుకునేవాళ్లో మనం ఒక్కరోజూ అడగలేదు. ఇప్పుడు హీరో, హీరో ఫ్రెండు, వాళ్ల నాన్న అందరూ ఆ యాసలోనే మాట్లాడుతున్నారు, నవ్వు యాస మీద రావట్లేదు, వాళ్ల అవస్థ మీద వస్తోంది. ఇది అభిరుచి పాడవడమా, బాగుపడడమా నువ్వే చెప్పు.

స్వచ్ఛమైన హాస్యం అన్నావు చూడు, ఆ మాట దగ్గర నాకు ఒక పాత గాయం ఉంది, చెప్తాను.

ముప్పై ఏళ్ల కిందట ఒక కాలనీ వార్షికోత్సవానికి నాటిక రాశాను. అందులో పోస్ట్‌మాన్‌కి నత్తి. అప్పట్లో నత్తి పెడితే నవ్వు గ్యారంటీ, చెవుడు పెడితే గ్యారంటీ, నల్లటి పెళ్లికూతురంటే గ్యారంటీ, నేనూ అదే దారిలో పెట్టేశాను, ఏం ఆలోచించలేదు. నాటిక మొదలైంది, పోస్ట్‌మాన్ వచ్చాడు, జనం విరగబడి నవ్వుతున్నారు, నేను వింగ్‌లోంచి తొంగి చూస్తూ మురిసిపోతున్నాను. మూడో వరసలో పదేళ్ల పిల్లాడొకడు తల వంచుకుని కూర్చున్నాడు. వాడి పక్కనున్న పిల్లలు స్టేజీ వైపు చూడట్లేదు, వీడి వైపు తిరిగి నవ్వుతున్నారు. కాసేపటికి వాళ్లమ్మ వాడి చెయ్యి పట్టుకుని లేపి తీసుకెళ్లిపోయింది. వెళ్తూ ఎవర్నీ ఏమీ అనలేదు. జనం ఇంకా నవ్వుతూనే ఉన్నారు. ఆ పిల్లాడి మెడ వంపు నాకు ఇవ్వాళ్టికీ కనిపిస్తుంది.

తర్వాత అదే నాటిక ఇంకోచోట ఆడాల్సొచ్చింది, నత్తి తీసేశాను. తీసేస్తే పోస్ట్‌మాన్ పాత్రలో ఏమీ మిగల్లేదు, అంటే నేను మనిషిని రాయలేదు, వట్టి నత్తి రాశాను. అప్పుడు కూర్చుని ఆలోచించాను, ఈ మనిషికి దేని మీద నమ్మకం అని. కార్డు ముక్క అంటే విప్పి ఉన్న ఉత్తరం కదా, ఎవరైనా చదవచ్చు. మా పోస్ట్‌మాన్ కార్డులన్నీ దారిలోనే చదివేసి, గుమ్మం దగ్గరికొచ్చేసరికి జవాబు ఏం రాయాలో కూడా నిర్ణయించుకుని వస్తాడు. "మీ అన్నయ్యగారు డబ్బు అడుగుతున్నారండీ, ఈ నెల వద్దు, పైనెల పంపుదాం" అంటాడు. తప్పు చేస్తున్నానని వాడికి లేదు, ఊరి బాగోగులు చూసేది ఇంకెవరు అని వాడి గట్టి నమ్మకం. నత్తికి వచ్చిన నవ్వు కన్నా ఎక్కువ నవ్వారు. ముఖ్యంగా, ఎవరూ లేచి వెళ్లలేదు.

అందుకని పాతవి చూసేటప్పుడు వడగట్టుకుని చూడు. పెళ్లాన్ని లెంపకాయ కొడితే నవ్వినవి, లావు మనిషి కూర్చుంటే కుర్చీ విరిగితే నవ్వినవి ఉన్నాయి, బోలెడు. అవి మన చిన్నతనంతో కలిసిపోయి తియ్యగా కనపడతాయి. సినిమా బాగుందా, లేక అప్పుడు నాన్న పక్కన కూర్చుని చూశాం కాబట్టి బాగుందా అని ఎవరికి వాళ్లు ప్రశ్నించుకోవాలి. నేను రేడియోలో సంక్షిప్త శబ్దచిత్రాలు వింటూ పెరిగాను, బొమ్మ లేకుండా గంటసేపు మాటలే, ఇంటిల్లిపాదీ దాని చుట్టూ చేరేవాళ్లం. అందులో కొన్ని తర్వాత సినిమాగా చూస్తే నవ్వే రాలేదు. నేను బెంగ పెట్టుకున్నది ఆ సాయంత్రం మీద అని అర్థమైంది.

ఇంకోటి, టైమింగు. ఇది పాతవాళ్ల దగ్గరే నేర్చుకోవాలి, కానీ అచ్చం వాళ్లలా వాడకూడదు. హాల్లో నాలుగొందల మంది నవ్వితే తర్వాతి మాట మునిగిపోతుంది, అందుకని తెలివైన రచయిత నవ్వు వచ్చే చోటు తర్వాత పోయినా ఫరవాలేని మాట ఒకటి పెట్టేవాడు, లేకపోతే డైరెక్టరు ఎదుటివాడి మొహం చూపించేవాడు కాసేపు. అది నవ్వుకి వదిలిన చోటు. ఇప్పుడు నీ ప్రేక్షకుడు బస్సులో నిలబడి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఒక్కడే చూస్తున్నాడు, వాడు పైకి నవ్వడు, ముక్కుతో ఒకసారి గాలి వదుల్తాడంతే, వేలు స్క్రీన్ మీదే ఉంటుంది తోసెయ్యడానికి. వాడికి ఆ ఖాళీ సాగతీత. నీ స్క్రిప్టులో ప్రతి డైలాగు తర్వాతా "అందరూ నవ్వుతారు" అని బ్రాకెట్లో రాశావు, అవన్నీ కొట్టేశాను, పదిహేడు ఉన్నాయి. కానీ ఖాళీ తగ్గించమన్నానని తొందరపడి మనిషిని పరిచయం చెయ్యడం మానెయ్యకు. శ్రీవారికి ప్రేమలేఖలో శ్రీలక్ష్మిగారు సినిమా కథ చెప్పడం టైటిల్స్ దగ్గర్నుంచి మొదలెడతారు. మొదటి వాక్యంలోనే మనిషి అర్థమైపోతుంది, ఇక ఎంతసేపు చెప్పినా వింటాం, ఎంత సేపు చెప్తే అంత నవ్వు. అక్కడ జంధ్యాలగారు పరిచయానికి టైమే తీసుకోలేదు, టైమంతా ఆ మనిషి మీద ఖర్చుపెట్టారు. రీల్ అయినా ఇదే లెక్క పనిచేస్తుంది.

భాష గురించి ఒక్క మాట. నాలుగు స్తంభాలాట 1982లో వచ్చాకే జనం నోట్లో సుత్తి అనే మాట విసిగించే వాగుడు అనే అర్థంలో నిలబడిపోయింది, వీరభద్రరావుగారికీ వేలుగారికీ ఇంటిపేరైపోయింది. అంతకుముందు మాయాబజార్‌కి మాటలు రాసిన పింగళివారు అసమదీయులు, తసమదీయులు అని పుట్టించారు, 1957లో. మీమ్ పేజీల్లో పిల్లలు పుట్టించే మాటలు చూసి మొహం చిట్లించే పెద్దవాళ్లకి నేనెప్పుడూ ఇవే గుర్తుచేస్తుంటాను. నువ్వు మాత్రం సొంతంగా మాటలు పుట్టిద్దామని కూర్చోకు, ముందు విను. బ్రహ్మానందంగారు సినిమాల్లోకి రాకముందు అత్తిలిలో తెలుగు లెక్చరరు. మాట బరువు తెలిసిన మనిషి కాబట్టే మాట లేకుండా ఒట్టి చూపుతో కూడా నవ్వించగలిగారని నా గట్టి నమ్మకం. నీ ఫ్రెండ్సు సినిమా చూడకుండా ఆ మొహం ఒక్కటే పంపించుకుంటున్నారంటే ఆ చూపులో మాట ఉంది కాబట్టే.

తిరగరాయడం అంటే విసుక్కోకు. కన్యాశుల్కం 1892లో ఆడారు, 1897లో అచ్చేశారు, అంతటితో ఊరుకోవచ్చు కదా గురజాడగారు, 1909లో దాదాపు కొత్త నాటకంలా మళ్లీ రాశారు. మనం చదువుకునేది ఆ రెండోదే. నిన్ను నేను పన్నెండేళ్లు ఆగమనట్లేదు, రెండు వారాలు చాలు.

ఇక నీ తాతగారి సంగతి. ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో చేరిన తాతగారు ప్రతి మెసేజీ "చిరంజీవులందరికీ ఆశీర్వదించి వ్రాయునది, ఉభయకుశలోపరి" అని మొదలెట్టి, చివర ఇట్లు అని ఇంటిపేరుతో సహా సంతకం పెడతాడు చూడు, అక్కడ నేను ఒక్కణ్ణే గదిలో పైకి నవ్వాను. ఎంత బాగా పట్టుకున్నావమ్మా ఆయన్ని! కానీ ఆ వెంటనే మనవడి చేత "తాతా నువ్వు మామూలు కామెడీ కాదు" అనిపించావు. కొట్టేశాను. మనవడు నవ్వకూడదు, వాడికి అది రోజూ ఉండేదే. మూడో పేజీలో తాతగారి చేత బాలయ్య డైలాగు చెప్పించావు, అదీ కొట్టేశాను, ఆయన అలాంటి మనిషి కాదు, నీకు అక్కడ భయం వేసి నవ్వు అరువు తెచ్చుకున్నావు.

అసలు సీను నువ్వు రెండు లైన్లలో దాటేశావు, నాకు బాధేసింది. పెద్దల్లుడు ఫోన్లో స్టోరేజీ నిండిందని గ్రూపులోంచి లెఫ్ట్ అవుతాడు. మిగతావాళ్లకి అది చిన్న సంగతి. తాతగారికి అది అల్లుడు అలిగి ఇంట్లోంచి వెళ్లిపోవడం! ఆయన కాలంలో అల్లుడు అలిగితే ఏం చేసేవారో ఆయనకి తెలుసు. లేచి పంచె మార్చుకోమను, బామ్మని "నువ్వేమైనా అన్నావా" అని అడగమను, గ్రూపులో తను పెట్టిన మెసేజీలన్నీ కళ్లజోడు పెట్టుకుని మొదట్నుంచీ చదివి తన తప్పు ఎక్కడుందో వెతుక్కోమను. బామ్మ కూడా నవ్వకూడదు, ఆవిడకీ భయమే, "సంక్రాంతికి పెట్టిన బట్టలు నచ్చలేదేమో" అనాలి ఆవిడ. తర్వాత ఇద్దరూ పళ్లు, తాంబూలం పట్టుకుని ఆటో ఎక్కి అల్లుడి ఇంటికి బయల్దేరాలి.

గేటు తీసేసరికి అల్లుడు బనీనుతో ఉంటాడు, చేతిలో ఫోను, పాత ఫోటోలు డిలీట్ చేసుకుంటూ. అక్కడ ఆపేశాను నేను, తర్వాత ఏం మాట్లాడుకుంటారో నాకూ తెలీదు. తాతగారి మొదటి మాట ఏంటో రాసి పంపు.

ప్రేమతో,
మీ మాస్టారు