గట్టు మీద సైకిలు, ఏట్లో పడవ

పోయిన సంచికలో రాజమండ్రి చుట్టుపక్కల పచ్చదనాన్ని కారులో కాక సైకిలు మీదా, నాటు పడవలోనూ తిరిగి చూడమని నాలుగు ముక్కలు రాశాను. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ గోదావరి ఏటి మధ్య లంక బడికి సైకిలుని పడవెక్కించుకుని వెళ్లొచ్చిన పంతులమ్మని కాబట్టి రాసే హక్కు నాకుందనుకున్నాను. దాని మీద వచ్చిన ఉత్తరాలకు జవాబులివి. ఒకే సంగతి అడిగిన వాళ్లను ఒకే ప్రశ్న కింద కలిపేశాను, ఏమీ అనుకోకండి.

ప్రశ్న: టీచరు గారూ, మా ఇద్దరికీ యాభై దాటాయి. ఆయనకు మోకాళ్ల నొప్పులు. ఎత్తుపల్లాలు లేకుండా, ఒక పూటలో వెళ్లి వచ్చే దారి ఏదైనా చెప్పండి. – ఒక గృహిణి, దానవాయిపేట

ధవళేశ్వరం లాకుల (కాలువలో నీళ్లనీ పడవల్నీ వదిలే తలుపుల) దగ్గర మొదలుపెట్టి కడియం వైపు కాలువ గట్టు పట్టండమ్మా. ఆయన మోకాళ్లకు అంతకన్నా మంచి దారి ఈ చుట్టుపక్కల లేదు. ఎందుకు లేదో కూడా చెబుతాను. ఈ కాలువలు తవ్వింది చేలకు నీళ్లివ్వడానికి ఒక్కదానికే కాదు, పడవలు నడపడానికి కూడా. గాలి లేని రోజున పడవకు తాడు కట్టి, గట్టు మీద మనుషులు నడుస్తూ లాగేవాళ్లు. అంత బరువు లాగేవాళ్లు నడిచే దారిలో ఎగుడుదిగుళ్లు ఉంటే కుదరదు కదా! వాళ్ల కోసం చదును చేసిన గట్టు ఇప్పుడు మీ ఆయన మోకాళ్లకు కలిసొచ్చింది.

బయలుదేరే ముందు ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం ఒకసారి చూడండి. కాటన్ దొర ఆనకట్ట పని 1847లో మొదలైంది, 1852కి పూర్తయింది. మనం ఇప్పుడు చూసే 175 గేట్ల బ్యారేజీ ఆ తర్వాతది, 1970లో మొదలుపెట్టి 1982కి కట్టారు. ఈ నాలుగు ముక్కలు తెలిసి గట్టెక్కితే చూపే వేరుగా ఉంటుంది.

ఇక కడియం నర్సరీలు. బోర్డులు పెట్టిన పెద్ద తోటల ముందే సైకిలు ఆపకండి. కాలువ వైపు సందుల్లోకి దూరండి. ఒక చోట ఎర్రమట్టి, పశువుల ఎరువు, కొబ్బరి పొట్టు కలిపిన గుట్ట ముందు ఆడవాళ్లు పీటలేసుక్కూర్చుని కవర్లు నింపుతుంటారు. నల్ల కవరు నోరు బొటనవేలితో తెరవడం, రెండు గుప్పిళ్లు పొయ్యడం, నేలకేసి ఒక్క తట్టు తట్టడం, పక్కన వరసలో పెట్టడం. చేతులు ఆగవు, కబుర్లూ ఆగవు. దేశం నలుమూలలా మేడల మీద, రోడ్ల మధ్య కనిపించే మొక్కల్లో చాలా వాటి పుట్టుక ఆ తట్టుతోనే. అడిగి లోపలికి వెళ్లండి, సాధారణంగా ఎవరూ కాదనరు.

కడియపులంక దగ్గర హైవే తగులుతుంది. అక్కడ మాత్రం సైకిలు దిగి నడిపించుకుంటూ దాటండి. మొక్కలు కొనాలనిపిస్తే బేరం చేసి పక్కన పెట్టించి, మర్నాడు ఆటోలో తెప్పించుకోండి. గులాబీ అంటుని హ్యాండిలుకి వేలాడదీసుకుని వస్తే ఇంటికి చేరేది ముళ్లు మాత్రమే.

ప్రశ్న: మేడమ్, నేను హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాను. సెలవులకు కాకినాడ వస్తాను. మంచి గేర్ల సైకిలు కొన్నాను, సన్న టైర్లు. దాన్ని పడవలో లంకలకు తీసుకెళ్లొచ్చా? – ఒక యువకుడు

తీసుకెళ్లొచ్చు బాబూ, కానీ లంకలో అది నిన్ను మొయ్యదు, నువ్వే దాన్ని మొయ్యాలి. మెరక మీద ఒండ్రు నేల గట్టిగానే ఉంటుంది, రేవు దగ్గర ఇసుక ఉందే, అందులో సన్న టైరు జానెడు దిగబడుతుంది. లావు టైరుదైతే కాస్త గాలి తీసి తొక్కుకోవచ్చు. నా మాట వింటే ఊళ్లో ఎవరిదగ్గరైనా పాత సైకిలు అద్దెకో అరువుకో తీసుకో. పడవలో ఏమూల పడేసినా నీ గుండె దడదడలాడదు.

ఎక్కించే పద్ధతి కూడా నేర్చుకో. నాటు పడవలో సైకిలుని నిలబెట్టకూడదు. చైను పైకి వచ్చేలా పడుకోబెట్టి, పాత ట్యూబు ముక్కతో అడ్డ బల్లకు కట్టాలి. తాడు జారుతుంది, ట్యూబు పట్టేస్తుంది. సైకిలు పడవ మధ్యలో ఉండాలి, నువ్వు దానికి ఎదురుగా కింద కూర్చోవాలి. ఫొటో కోసం లేచి నిలబడ్డావా, పడవాయన నోటి నుంచి నేను ఇక్కడ రాయలేని మాట వస్తుంది. రావాలి కూడా.

ఇసుక పట్టిన చైనుకు ఆదరాబాదరాగా నూనె పెట్టెయ్యకు. ముందు ఆరనిచ్చి, పొడి గుడ్డతో తుడిచి, ఆ తర్వాత రెండు చుక్కలు చాలు. అన్నిటికన్నా ముఖ్యం పల్లేరు కాయ. గట్టు దిగి గడ్డిలోకి పోనిచ్చావంటే రెండు చక్రాలూ ఒకేసారి పోతాయి. ప్యాచీలు, సొల్యూషన్, చేతి పంపు లేకుండా ఏరు దాటకు. అవతల పంక్చరు కొట్టు ఉండదు.

ప్రశ్న: మా అమ్మాయి స్నేహితురాళ్లతో కలిసి సైకిళ్లు పడవలో వేసుకుని లంకలకు వెళతానంటోంది. మీరు రాసింది చదివే ఈ పిచ్చి పట్టింది. ఏమైనా అయితే ఎవరిది బాధ్యత? – ఒక తల్లి, కొవ్వూరు

మీ కోపంలో న్యాయం ఉందమ్మా. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగినప్పటి నుంచి మన జిల్లాల్లో ఏ తల్లీ పడవ మాట వింటే నిబ్బరంగా ఉండలేకపోతోంది. అందుకే మీకు కాస్త వివరంగానే రాస్తాను.

పడవ చిన్నదా పెద్దదా అని కాదు, ఏరు ఏ నెలలో ఏ తీరున ఉందో చూసుకోవాలి. జులై నుంచి సెప్టెంబరు దాకా, నీళ్లు ఎర్రబడిన దగ్గర్నుంచి మళ్లీ తేరుకునే దాకా, సరదాకి పడవెక్కే మాటే లేదు. వంద పడవలు తిరుగుతున్నా సరే. లంకవాళ్లు తిరుగుతారు, వాళ్లకు తప్పదు. మనకు తప్పుతుంది. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. కానీ మొదటి హెచ్చరిక రాలేదు కదా అని ధైర్యం చెయ్యకూడదు. ఆ అంకెలు ఊళ్ల కోసం పెట్టినవి, విహారాల కోసం కాదు. భద్రాచలంలో ఏరు పెరుగుతోందన్న వార్త వింటే చాలు, ఇక్కడ ప్రయాణం మానేసుకోవాలి. ఆ నీరు రేపో ఎల్లుండో మన గుమ్మంలో ఉంటుంది.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వేరే గోదావరి. బ్యారేజీ నీళ్లు నిలబెట్టడం వల్ల రాజమండ్రి ముందు ఏరు చెరువులా ఉంటుంది, పొద్దున పూట అలే ఉండదు. కానీ అక్కడ వెడల్పు సుమారు మూడు కిలోమీటర్లు. మధ్యాహ్నం గాలి లేచిందంటే అంత వెడల్పు మీద అలలు పెరగడానికి ఎంతోసేపు పట్టదు. అందుకని పొద్దున్నే దాటాలి, ఎండెక్కే లోపే తిరిగి రావాలి. బ్యారేజీకి దగ్గరగా, ఎగువనైనా దిగువనైనా, పడవ పోనివ్వకూడదు. గేట్లు ఎత్తిన చోట నీటి లాగుడు పైకి కనిపించదు.

ఇక అమ్మాయితో ఇలా చెప్పండి. ప్రతి ఒక్కరికీ లైఫ్ జాకెట్, అదీ ఒంటి మీద బకిల్స్ పెట్టుకుని, ఒడిలో పెట్టుకుని కాదు. ఇరవై ఏళ్ల ఈతగత్తె అయినా సరే. పడవ కేవలం ఆ లంకకు రోజూ తిరిగే మనిషిదే అయి ఉండాలి. పడవాయన 'ఇవాళ వద్దమ్మా' అంటే బతిమాలకూడదు, డబ్బు ఎక్కువిస్తామనకూడదు. ఆయన ఒప్పుకుంటే అదే ప్రమాదం. మా లంకకు తిప్పిన పెద్దాయన రేవులో నీళ్లు చేత్తో తీసి చూసేవాడు, అవతలి గట్టున రెల్లు ఎటు వంగుతోందో చూసేవాడు, అప్పుడు 'ఎక్కండి' అనేవాడు. కొన్నిరోజులు అనేవాడు కాదు. ఆ రోజు బడికి సెలవే, పై అధికారులకు కారణం రాసుకోవలసిందే. ఆ కారణాన్ని ఒకాయన కుంటిసాకు అన్నాడు కూడా. ఆయన ఏనాడూ పడవ ఎక్కిన మనిషి కాదు లెండి.

ఇన్నీ పాటిస్తే పంపించండి. వీలైతే మీరూ వెళ్లండి.

ప్రశ్న: నేను ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉంటాను. ఇక్కడ పెద్ద రైల్వే స్టేషను వెనకాలే ఫెర్రీ ఉంటుంది, సైకిలుతో సహా ఉచితంగా అవతలికి దింపుతుంది. కాసేపు తొక్కితే పచ్చిక, కాలువలు, ఆవులు. సంక్రాంతికి వస్తున్నాను. రాజమండ్రిలో అలాంటి ఒక రోజు ప్రయాణం చెప్పండి. – ఒక ప్రవాస పాఠకుడు

ఉచితంగా దింపే ఫెర్రీ మాకు లేదు నాయనా. దిగువన కోటిపల్లి లాంటి రేవుల్లో సైకిళ్లూ బళ్లూ ఎక్కించుకునే పంట్లు ఉన్నాయి, తిరుగుతున్నాయో లేదో ముందు కనుక్కుని వెళ్లాలి. కానీ నువ్వు అడిగినదానికి ఇక్కడ ఒక చుట్టు ఉంది. పొద్దున్నే ధవళేశ్వరం వచ్చి బ్యారేజీ మీద తొక్కు. ఒకటే వంతెన అనుకుంటారు చాలామంది. అది నాలుగు ముక్కలు: ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం. మధ్యలో పిచ్చుకలంక, బొబ్బర్లంక, మద్దూరులంక. అంటే గేట్ల వరస మీద పోతూ లంక, మళ్లీ గేట్లు, మళ్లీ లంక. ఎడమ పక్కన, దిగువన, ఇసుక మేటల మీద కొంగలు, నీటికాకులు. కుడి పక్కన కంటికి ఆనినంత నీరు. మొదటి రెండు ముక్కల కింద పోయేది గౌతమి, తర్వాతి రెండింటి కింద పోయేది వశిష్ఠ. ఇంత పెద్ద ఏరు రెండుగా చీలే చోటును సైకిలు మీద దాటడం మీ ఊళ్లో కుదరదు, ఆ ఫెర్రీ ఎంత ఉచితమైనా.

విజ్జేశ్వరం దిగాక కుడికి తిరిగి పడమటి గట్టున కొవ్వూరు వెళ్లు. అక్కడ గోష్పాద రేవు దగ్గర టీ తాగి, 1974 నాటి రోడ్డు కం రైలు వంతెన మీదుగా రాజమండ్రిలో పడు. పైన రోడ్డు, కింద రైలు. మధ్యలో ఉండగా కింద నుంచి గూడ్సు వెళితే హ్యాండిలు చేతుల్లో వణుకుతుంది. మొత్తం 30 కిలోమీటర్లకు అటూ ఇటూ. పండగ రోజుల్లో మాత్రం ఆ వంతెన మీద బళ్ల రద్దీ ఎక్కువ, కనుమ వెళ్లాక రా.

రెండో రోజు ఉంటే బొబ్బర్లంక దగ్గర కోనసీమ వైపు తిరిగి కాలువ వెంట లొల్ల లాకుల దాకా వెళ్లు. సినిమాల వాళ్లు అక్కడ పాటలు తీసీ తీసీ, కొత్తగా చూసినవాళ్లకు కూడా చూసినట్టే ఉంటుంది. పొద్దున్నే వెళితే లాకుల మీద నువ్వూ, గేలం వేసుకున్న ఒక పిల్లాడూ తప్ప ఎవరూ ఉండరు.

ప్రశ్న: పిల్లలకు మే నెలలోనే సెలవులు. అప్పుడు రావచ్చా? – భీమవరం

వద్దు. వేసవిలో కాలువలు కట్టేస్తారు. పూడిక తీతలు, మరమ్మతులు అప్పుడే. మీ పిల్లలు చూసేది పచ్చ నీరు కాదు, అడుగు పగుళ్లూ, ఎవరెవరు ఏమేం పారేశారో ఆ చెత్తా. చూపించడం మంచిదే అనుకోండి, కానీ ఆ ఎండలో కాదు. దసరా సెలవుల్లో, ఏరు తగ్గి ఉంటే, రండి. గట్లన్నీ రెల్లు పూసి ఉంటాయి. పడవ సంగతి ఆ రోజు ఏటిని బట్టి.

ప్రశ్న: లంకల్లో ఉండేవాళ్ల ఇళ్లు, వంటలు వీడియో తియ్యాలని ఉంది. పిల్లలకు బిస్కెట్లు తీసుకెళ్లమంటారా? – విశాఖపట్నం నుంచి నలుగురు

రాజమండ్రి ఎదురుగా కేతావారి లంక, బ్రిడ్జి లంకల్లో ఉన్నవి కాపురాలు. పెద్ద వరద వచ్చిన ప్రతిసారీ ఆ కుటుంబాలను పడవల్లో ఊళ్లోకి తెచ్చి పునరావాస కేంద్రాల్లో ఉంచుతారు. నీళ్లు తీశాక వెళ్లి బురద ఎత్తిపోసుకుని మళ్లీ పొయ్యి వెలిగించుకుంటారు. ఆ పొయ్యి మీదికి కెమెరా పెట్టే ముందు కనీసం కూర్చుని మాట్లాడాలి కదా. బిస్కెట్లు వద్దు. మా బడి పిల్లలకు ఎవరో ఒడ్డున దిగి ప్యాకెట్లు విసిరినప్పుడు నేను తిరిగి ఇచ్చేయించాను. కావాలంటే అక్కడ పండిన కూరగాయలు కొనుక్కోండి, బేరం ఆడకుండా. చేల గట్ల మీద సైకిలు తొక్కకండి, దిగి నడవండి. మీరు తీసుకెళ్లిన నీళ్ల సీసాలు మీతోనే వెనక్కి రావాలి.

ప్రశ్న: ఆత్రేయపురం దాకా సైకిలు మీద వెళ్లి పూతరేకులు తెచ్చుకుంటే దారిలో పొడైపోతాయని మావాళ్లు నవ్వుతున్నారు. నిజమా? – ఒక ఇంటర్ విద్యార్థిని, రాజమండ్రి

వెనక క్యారియరు మీద కడితే పొడే. ఆ కుదుపంతా నేరుగా దానికే తగులుతుంది. స్టీలు డబ్బాలో అడుగున మెత్తని నూలు గుడ్డ పరిచి, పూతరేకుల్ని కదలకుండా బిగుతుగా పేర్చి, పైన ఇంకో గుడ్డ కప్పి మూత పెట్టు. డబ్బాని వీపు సంచిలో వేసుకో, నీ ఒళ్లే కుదుపు ఆపుతుంది. వాటిని చేసే ఇంటి ముందు ఆగి, కొన్నా కొనకపోయినా, ఒక్క రేకు తియ్యడం చూడు. బోర్లించిన కుండ కింద మంట, పలచని బియ్యపు పిండిలో ముంచిన గుడ్డ, కుండ మీద ఒకే ఒక్క లాగుడు. గుడ్డ ఇటు వచ్చేసరికి రేకు అటు లేచి ఉంటుంది. బెల్లంవి తెచ్చుకో, పంచదారవి వద్దు. మీవాళ్లలో నవ్వినవాళ్లకు చివర్న పెట్టు.