ఎండలని చిక్కటి ఆయిలు పోయకు

చిరంజీవి అల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. రెంటచింతల ఎండలకు నీ స్ప్లెండర్ మండిపోతోందని ఎవరో చెప్పిన మాట విని 20డబ్ల్యూ-50 అనే చిక్కటి ఆయిలు పోయించావట, మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఇప్పుడు ఇంకా వేడెక్కుతోందని గోల. ఎక్కదూ మరి!

మీ అమ్మమ్మ చల్ల చిలకడం చూశావుగా. గడ్డపెరుగులో కవ్వం తిప్పితే చెయ్యి లాగేసేది, కాసిని నీళ్లు పోస్తే గిర్రున తిరిగేది. ఇంజన్లో క్రాంకూ గేర్లూ ఆయిల్ని అలాగే చిలుకుతుంటాయి. ఆయిలు చిక్కబడ్డకొద్దీ బలం దానికే పోతుంది, ఆ పోయిన బలమంతా వేడవుతుంది. పైగా సన్నటి దారుల్లో మెల్లగా పాకుతుంది కాబట్టి సిలిండరు దగ్గర వేడిని లాక్కొచ్చేదీ ఆలస్యమే. సౌండు తగ్గిందని మాత్రం మనం సంబరపడతాం.

అలాగని మరీ పల్చటిదీ వద్దు. వేడికి పొర తెగి ఇనుమూ ఇనుమూ రాసుకుంటే ఇంజను పట్టేస్తుంది.

డబ్బా మీద డబ్ల్యూ ముందున్న అంకె చలిలో ఎలా పారుతుందో చెబుతుంది. వెనకది 100 డిగ్రీల దగ్గర చిక్కదనం. బయట 36 అయినా 46 అయినా, కాగిన ఇంజన్లో ఆయిలు ఆ దరిదాపుల్లోనే ఉంటుంది. లోపలి సందులు చూసుకునే కంపెనీ వాడు నీ బండికి 10డబ్ల్యూ-30 రాశాడు. చాలా పల్సర్లకి 20డబ్ల్యూ-50 పోస్తారు, నిజమే. అది ఆ ఇంజను లెక్క.

మెకానిక్ షెడ్డు పెట్టిన కొత్తలో నేనూ ఒక తెలివితక్కువ పని చేశాను. మిగిలిపోయింది కదా అని కారు ఆయిలు నా బండికి పోశా. నాలుగు రోజులకే క్లచ్చి జారింది, రయ్యిమని అరుపే గానీ బండి కదల్లేదు. మన బళ్లలో క్లచ్చి ప్లేట్లు కూడా ఆ ఆయిల్లోనే మునిగి ఉంటాయిరా. డబ్బా మీద జాసో ఎమ్‌ఏ అని, అంటే అలా మునిగే క్లచ్చిని జారనివ్వని బైకు ఆయిలని గుర్తు, ఉంటేనే కొను.

లీటరు డబ్బా చేతిలో ఉంది కదా అని మొత్తం గుమ్మరించకు. సెంటర్ స్టాండు వేసి, ఇంజను కాసేపు ఆన్‌లో ఉంచి ఆపి, రెండు మూడు నిమిషాలాగి ఆయిలు కొలిచే స్టిక్కు తుడిచి, మర బిగించకుండా ఊరికే ఆనించి చూడు. పై గీత దాటితే మళ్లీ ఆ చిలుకుడే. అన్నట్టు, సిలిండరు రెక్కల మధ్య పొలం మట్టి గడ్డకట్టి ఉంటుంది చూడు, ఇంజను చల్లారాక కడుగు. సగం వేడి అక్కడే ఉందేమో.

మిగిలిన 20డబ్ల్యూ-50 పారెయ్యకు. మీ బాబాయి పల్సరుకి పనికొస్తుంది.

మీ మామయ్య