టైరు రెండు అంచులూ అరిగితే వెంటనే గాలి తక్కువ అనేయకండి

అడిగిన ప్రశ్న ఇది: "నెలకోసారి కారును ఆటోక్రాస్‌కు తీసుకెళ్తాను. మిగతా రోజులు ఆఫీసుకూ అదే కారు. ప్రతి ఐదు వేల కిలోమీటర్లకు వీల్ అలైన్‌మెంట్ చేయిస్తున్నా ముందు టైర్లు రెండు అంచుల్లోనూ అరిగిపోతున్నాయి, నడుమ మాత్రం బాగానే ఉన్నాయి. గాలి తక్కువా? అలైన్‌మెంట్ తప్పా?"

సరిగ్గా ఇదే ప్రశ్నకు నేను నాలుగు టైర్ల ఖరీదు కట్టాను కాబట్టి నాకు జవాబిచ్చే హక్కు ఉందనుకుంటున్నాను.

మాది నల్లగొండ. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో లెక్కలు చూస్తాను. రోజూ పోను నలభై, రాను నలభై కిలోమీటర్లు. బండి పాత స్విఫ్ట్, 1.3 పెట్రోలు, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఆ మధ్య హైదరాబాద్ పక్కన ఒక ఖాళీ జాగాలో కోన్లు పెట్టి టైము కొట్టే పోటీకి, అంటే మీరు చెప్పిన ఆటోక్రాస్‌కే, వెళ్లాను. ముందు చక్రాలకు కొద్దిగా టో అవుట్ ఇస్తే, అంటే రెండు చక్రాల ముక్కులూ కాస్త బయటికి చూసేలా పెడితే, బండి మలుపులోకి చటుక్కున దిగుతుందని ఎక్కడో చదివి ఉన్నాను. పొద్దున్నే పానా తీసి టై రాడ్లు, అంటే ముందు చక్రాలను స్టీరింగ్‌కు కలిపే కడ్డీలు, చెరో అర చుట్టు తిప్పాను. తిరిగి బిగించాక, ఎక్కడ ఉన్నదీ తెలియాలని లాక్ నట్ల మీద తెల్ల పెయింటుతో గీత పెట్టాను. ఈ గీత సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

బండి నిజంగానే బాగా తిరిగింది. రెండో రన్‌లో సెకనుకు పైగా తగ్గింది. అది టో మహిమో, అప్పటికి దారి నాకు గుర్తుండటమో ఇప్పుడు అడిగితే చెప్పలేను గానీ, ఆ రోజు మాత్రం నేనే పెద్ద ఇంజనీరుని. సాయంత్రం వాన పట్టుకుంది, ఆకలి దంచేస్తోంది. టై రాడ్లు మళ్లీ మొదటికి తిప్పుకుందాం అనుకున్న మాట చౌటుప్పల్ దాటేసరికి మర్చిపోయాను. ఆ మర్చిపోవడం నెలన్నర నడిచింది.

ఆ నెలన్నరా బండి తిన్నగా పోయేది కాదు. వాసన పట్టుకుంటూ పోయే కుక్కలా రోడ్డు మీద గీత కనబడితే అటు, గుంత కనబడితే ఇటు ముక్కు తిప్పేది. నేను రోడ్డును తిట్టుకున్నాను. తిట్టుకోవడానికి మా వైపు కారణాలకు కరువు లేదు కూడా. నాట్ల కాలంలో ట్రాక్టర్లు కేజ్ వీల్స్ తీయకుండానే తారు రోడ్డెక్కుతాయి. ఆ ఇనుప పట్టీలు తారును దువ్వెనతో గీకినట్టు గీకుతాయి. కోతల కాలం వస్తే సగం రోడ్డు వడ్ల కల్లం అయిపోతుంది. వడ్లు ఎత్తుకుపోతారు, చుట్టూ కాపలా పెట్టిన రాళ్లు మాత్రం అక్కడే వదిలేస్తారు. రాత్రి పూట ఆ రాయి మీదికి ఎక్కిస్తే అలైన్‌మెంట్ కాదు, చక్రాన్ని కింద నుంచి పట్టి ఉంచే లోయర్ ఆర్మే వంగుతుంది. మా మిల్లుకు వచ్చేది కూడా ఆ వడ్లే కాబట్టి పైకి అనలేను.

చివరికి ఒక అలైన్‌మెంట్ సెంటర్‌కు వెళ్లాను. అక్కడి కుర్రాడు టైరు వంక ఒక్క చూపు చూసి "రెండు అంచులు అరిగినయి సార్, గాలి తక్కువ తోలుతున్నరు" అన్నాడు. పుస్తకం ప్రకారం ఆ మాట తప్పు కాదు. గాలి తక్కువైతే టైరు నడుమ లోపలికి పోయి రెండు అంచుల మీదే బరువు పడుతుంది. గాలి 40 పెట్టాడు, మిషన్ మీదికి ఎక్కించాడు, పావుగంటలో అన్ని గడులూ పచ్చగా ఉన్న కాగితం చేతిలో పెట్టాడు. పచ్చరంగు చూశాక మనిషికి ఇంకేం కావాలి? డబ్బులిచ్చి వచ్చేశాను.

ఇంకో పది రోజులకు నకిరేకల్ రోడ్డులో పంక్చర్. దుకాణంలో ఉన్నది ఓ పెద్దాయన, ట్రాక్టర్ టైర్లతో చేతులు మొద్దుబారిన మనిషి. టైరు విప్పి నేల మీద దొర్లించి, "ఏం బిడ్డా, గీ టైర్లతోని పొలం గిట్ల దున్నినవా?" అన్నాడు. తర్వాత నా చెయ్యి పట్టి టైరు మీద పెట్టించాడు. "లోపలికెల్లి బయటికి నిమురు." నిమిరాను, నున్నగా ఉంది. "ఇప్పుడు బయటికెల్లి లోపలికి." రంపం పళ్ల మీద చెయ్యి పెట్టినట్టయింది. లోపలి అంచుకు వచ్చేసరికి చుర్రుమంది. తీగ తేలి ఉంది, అరచేతిలో చిన్న రక్తపు చుక్క. నడుమ చూస్తే ఇంకో పదివేల కిలోమీటర్లు తిరగొచ్చు అనిపించే టైరు అది.

టైరు చదవడం అంటే ఇదే. చూడటం కాదు, తడమటం. (తీగలు తేలాయేమో ముందు కళ్లతో చూసి తడమండి, నాలా కాకుండా.) టో అవుట్‌లో పోయే చక్రం ముందుకు దొర్లుతూనే కాస్త లోపలి వైపుకు ఈడ్చుకుపోతుంది. అప్పుడు ట్రెడ్‌లో, అంటే రోడ్డుకు తగిలే రబ్బరులో, ప్రతి కట్టకూ లోపలి అంచు గుండ్రంగా అరిగి, బయటి అంచు కత్తిలా నిలబడుతుంది. అందుకే బయటి నుంచి లోపలికి నిమిరితే గుచ్చుకుంటుంది. టో ఇన్ అయితే, అంటే ముక్కులు లోపలికి చూస్తుంటే, దీనికి తలకిందులు. గాలి తక్కువైతే ఈ రంపం పళ్లు ఉండవు, రెండు అంచులూ ఒకే తీరుగా నున్నగా పోతాయి. ఈ తేడా ఆ పచ్చ కాగితంలో ఎక్కడా ఉండదు.

మరి బయటి అంచు ఎందుకు అరిగింది? అది వేరే కథ. బయటి అంచు మీద రంపం లేదు. భుజం గుండ్రంగా కోసుకుపోయి, రబ్బరు ఉండలు కట్టి, పక్క గోడ మీది అక్షరాల దాకా రాసుకుపోయిన గుర్తులున్నాయి. అది కోన్ల మధ్య జరిగిన పని. స్విఫ్ట్ లాంటి బండి గట్టిగా తిరిగితే బాడీ వాలుతుంది, బయటి వైపు ముందు చక్రం నిటారుతనం పోగొట్టుకుని బయటికి ఒరుగుతుంది, టైరు తన భుజం మీద నడుస్తుంది. అంటే లోపలి అంచును తిన్నది నల్లగొండ–మిర్యాలగూడ రోడ్డు, బయటి అంచును తిన్నది ఆదివారం సరదా. ఇద్దరు దొంగలు చెరో వైపు నుంచి కన్నం వేస్తే, చూసినవాడు ఒకటే దొంగతనం అనుకున్నాడు. మీ టైరు కూడా ఇదే బాపతు అని నేను పందెం కాస్తాను.

ఇంటికొచ్చి జాకీ ఎత్తి టై రాడ్ చూశాను. లాక్ నట్ మీద నేను పెట్టిన తెల్ల గీత చెక్కు చెదరలేదు. పానా తగిలిన మచ్చ కూడా లేదు. కాగితంలో "తర్వాత" అనే గడి పచ్చగా ఎలా అయిందో ఆ మిషన్‌కే తెలియాలి. మిషన్ క్లాంపు రిమ్ముకు సరిగా కూర్చోకపోయినా, రిమ్ము వంకరను లెక్కలోంచి తీసేయడానికి చక్రం తిప్పి చేసే రనౌట్ కంపెన్సేషన్ దాటేసినా ఆ అంకెలకు విలువ లేదు. మిషన్ల మీద నాకు కోపం లేదు. కానీ బోల్టుకు గీత పెట్టకుండా బండిని ఎవరికీ అప్పగించను.

మర్నాటి ఆదివారం మిల్లు గోదాములో కొలిచాను. మేస్త్రీ దారం, రెండు ఇనుప రాడ్లు, స్టీలు స్కేలు, అంతే. రాడ్లకు రెండు చివరలా ఒకే దూరంలో గాట్లు పెట్టి, ఒకటి బండి ముందు, ఒకటి వెనక స్టూళ్ల మీద పెట్టి, చక్రాల నడుమ ఎత్తుకు వచ్చేలా రెండు పక్కలా దారం లాగాలి. ముందు చక్రాల నడి నుంచి దారం దాకా దూరం రెండు వైపులా ఒకటి కావాలి, వెనక చక్రాల దగ్గరా అంతే. ముందుకూ వెనకకూ మాత్రం తేడా ఉండొచ్చు, దానితో పని లేదు. ఆ తర్వాత రిమ్ము ముందు అంచుకు ఎంత, వెనక అంచుకు ఎంత అని చూస్తే టో బయటపడుతుంది. స్టీరింగ్ తిన్నగా కట్టేయాలి. డ్రైవర్ సీట్లో మనిషి బరువు ఉండాలి. మా దగ్గర దానికి లోటు లేదు, 25 కిలోల బియ్యం బస్తాలు మూడు కూర్చోబెట్టాను. వాచ్‌మెన్ వచ్చి చూసి, బస్తాలకు బెల్టు కూడా పెట్టమన్నాడు.

చెరో వైపు 2 మిల్లీమీటర్లు బయటికి ఉంది. కంటికి ఆనదు. లెక్కలవాణ్ణి కాబట్టి లెక్కేశాను. నా రిమ్ము అంచు నుంచి అంచుకు దాదాపు 380 మిల్లీమీటర్లు. అందులో 2 అంటే చక్రం కిలోమీటరు దొర్లితే ఐదు మీటర్లకు పైగా పక్కకు ఈడ్చుకున్నట్టు. రోజుకు ఎనభై కిలోమీటర్లకు నాలుగు వందల మీటర్లు దాటింది. నెలకు పాతిక రోజులు వేసుకోండి, ఒక్కో టైరును పది కిలోమీటర్లు అడ్డంగా ఈడ్చాను. ఎద్దును అలా ఈడిస్తే ఊళ్లోవాళ్లు కొట్టేవారు.

అందుకే టైరు తినేది టో, క్యాంబర్ (చక్రం పక్కకు వాలడం) కాదు అని నేను ఎవరితోనైనా వాదిస్తాను. చక్రం పై భాగం ఒక డిగ్రీ లోపలికి వాలి ఉన్నా, టో సున్నా ఉంటే టైరు చాలాకాలం బతుకుతుంది. ఆ వాలే ఆటోక్రాస్‌లో బయటి భుజాన్ని కాపాడుతుంది కూడా. స్విఫ్ట్‌లో ముందు క్యాంబర్ మార్చడానికి కంపెనీ ఏ ఏర్పాటూ ఇవ్వలేదు. స్ట్రట్‌ను (స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ ఉండే కాలు) నకిల్‌కు (చక్రం హబ్‌ను మోసే ముక్క) పట్టే రెండు బోల్టులు వదులు చేసి, చక్రం పైభాగాన్ని లోపలికి నెట్టి బిగిస్తే ఆ రంధ్రాల్లో ఉన్న సందు మేరకు కొంచెం వస్తుంది. ఇంకా కావాలంటే నడుము సన్నగా ఉండే క్యాంబర్ బోల్టు వేయాలి. నేను వేశాను, రెండు వైపులా ఒక డిగ్రీ పైచిలుకు నెగెటివ్, అంటే పైభాగం లోపలికి వాలు, పెట్టుకున్నాను. క్యాంబర్ కదిలిస్తే టో దానంతట అదే మారిపోతుంది. కాబట్టి ముందు క్యాంబర్, చివర టో. దీన్ని తలకిందులుగా చేసే దుకాణాలు చూశాను.

గాలి సంగతి. రోడ్డు మీద నాది 32. పోటీ రోజు ముందు టైర్ల భుజం మీద చాక్‌పీసుతో మూడు చోట్ల అడ్డ గీతలు గీస్తాను, ట్రెడ్ నుంచి పక్క గోడ మీదికి. ఒక రన్ అయ్యాక గీత పక్క గోడ దాకా చెరిగిపోతే గాలి తక్కువ, భుజం మీదే ఆగితే సరిపోయింది. నాకు 38 దగ్గర ఆగింది. మీ బండికి మీ చాక్‌పీసే చెప్పాలి. టో అవుట్ కావాలనిపిస్తే పెట్టుకోండి, కానీ ఇంటికి బయల్దేరే ముందు తిప్పేయండి, వాన వచ్చినా సరే. ముందు టైర్లు వెనక్కి మారిస్తే సరిపోతుందనే సలహా ఎవరైనా ఇస్తే వినకండి. లోపం అక్కడే ఉంటుంది, సాక్ష్యం మాత్రం వెనక్కి పోతుంది.

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు జరిగితే మా ఊరి పోరగాళ్లు కూడా పోయి సెల్ఫీలు దిగి వచ్చారు. మాకు మాత్రం పది కోన్లు పెట్టుకునే చదునైన జాగా లేదు. అసలైన ట్రాక్ మీద తిప్పాలంటే చెన్నైకో కోయంబత్తూరుకో పోవాలి. ఉన్న మొరం గ్రౌండు ఇస్తే చాలు, దాని మీద టైర్లు కూడా తక్కువే అరుగుతాయి.

ఇప్పుడు నా కొత్త టైర్లు పద్నాలుగు వేల కిలోమీటర్లు తిరిగాయి. ఎడమది ఎటు నిమిరినా ఒకేలా ఉంది. కుడిది మాత్రం బయటి నుంచి లోపలికి ఇంకా కాస్త గరుకుగా తగులుతోంది. దారం పెడితే టో సున్నానే. బ్రేకు కొట్టినప్పుడు లోయర్ ఆర్మ్ రబ్బరు బుష్ కదిలి చక్రం బయటికి తిరుగుతోందని నా అనుమానం. ఈ ఆదివారం విప్పి చూస్తాను. మీరు కూడా మీ టైరు ఎటు నిమిరితే గుచ్చుకుంటుందో రాయండి, ఫొటోలు అక్కర్లేదు.