ఒకే మైక్రోస్కోపు, ఒక ఫోన్, ప్రొజెక్టర్‌తో కణం పాఠం

ఏడో తరగతికి కణం పాఠాన్ని 3డి యానిమేషన్‌తో మొదలుపెట్టవచ్చా అని అడిగారు. వద్దనే చెబుతాను. యానిమేషన్ ముందు చూస్తే పిల్లలు మైక్రోస్కోపులోనూ రంగురంగుల మైటోకాండ్రియా కోసం వెతుకుతారు, కనబడకపోతే స్లైడు బాగాలేదనుకుంటారు. మొదటి పీరియడ్‌లో అసలు కణాన్నే తెర మీద చూపించండి.

ఉల్లి రేకు లోపలి వైపు పొరను ఫోర్సెప్స్‌తో లాగండి, 5 మి.మీ. ముక్క చాలు. నీటిచుక్కలో ముడత పడకుండా పరిచి, ఒక చుక్క పలుచని అయోడిన్ వేయండి. కవర్ స్లిప్‌ను ఒక అంచు ఆనించి ఏటవాలుగా మెల్లగా దించాలి. ఒక్కసారిగా వదిలేస్తే గాలి బుడగలు చిక్కుకుంటాయి. నల్లటి మందపాటి అంచుతో గుండ్రంగా ఉండే బుడగనే చాలామంది కణమని బొమ్మ గీసేస్తారు. కాబట్టి ఒక బుడగను ముందే చూపించి చెప్పేయండి.

ఫోన్‌ను చేత్తో పట్టుకుంటే నిలవదు, క్లాంపు కావాలి. ప్రధాన కెమెరా ఐపీసుకు (కన్ను ఆనించి చూసే పై లెన్సుకు) దాదాపు ఒక సెంటీమీటరు దూరంలో, సరిగ్గా మధ్యలో ఉండాలి. దగ్గరికి తేగానే కొన్ని ఫోన్లు వాటంతటవే వేరే కెమెరాకు మారిపోతాయి, చిత్రం మాయమవుతుంది. ఇలా మార్చే ఆటో మాక్రో సెట్టింగును ఆపేయండి. స్క్రీన్‌ను వేలితో నొక్కిపట్టి ఫోకస్, వెలుతురు లాక్ చేయకపోతే స్లైడు కదిపినప్పుడల్లా చిత్రం వెలుగూ చీకటీ అవుతుంది. ప్రొజెక్టర్‌కు వైఫై కన్నా కేబులే మేలు. వైఫైలో చిత్రం ఆలస్యంగా వస్తుంది. తెర చూస్తూ ఫోకస్ తిప్పేవాళ్లు అవసరానికి మించి తిప్పేస్తారు, 40 రెట్లు పెద్దగా చూపే 40ఎక్స్ లెన్సు స్లైడుకు తగులుతుంది. 40ఎక్స్ దగ్గర పెద్ద స్క్రూను అసలు ముట్టుకోనివ్వకండి.

కొలత తప్పకుండా చేయించండి. ఐపీసు మీద 10ఎక్స్/18 అని ఉంటే, 10ఎక్స్ ఆబ్జెక్టివ్‌తో (స్లైడు వైపుండే లెన్సుతో) కనిపించే వృత్తం వ్యాసం, ఐపీసు మీది 18ని ఆబ్జెక్టివ్ మీది 10తో భాగిస్తే వచ్చే 1.8 మి.మీ. వ్యాసం పొడవునా ఆరు కణాలు పడితే ఒక్కోటి 0.3 మి.మీ. పొడవు. ఫోన్‌లో జూమ్ చేస్తే వృత్తం అంచులు తెగిపోయి ఈ లెక్క తప్పుతుంది, జూమ్ చేయకముందే ఫొటో తీసుకోవాలి.

నాకు అన్నిటికన్నా విలువైనదిగా అనిపించేది ఉప్పు నీటి ప్రయోగం. ఎర్ర ఉల్లి రేకు బయటి వైపున్న ఊదారంగు పొర తీసుకోండి. దీనికి అయోడిన్ వేయకూడదు, వేస్తే కణాలు చచ్చిపోయి ప్రయోగం పనిచేయదు. 100 మి.లీ. నీటిలో 5 గ్రాముల ఉప్పు కలిపి, కవర్ స్లిప్ ఒక అంచున చుక్క వేసి, ఎదుటి అంచున ఫిల్టర్ పేపరుతో పీల్చండి. కొన్ని నిమిషాల్లో ఊదారంగు భాగం కుంచించుకుపోతూ కణకవచం (కణం బయటి గట్టి గోడ) నుంచి విడిపోతుంది. దీన్ని వీడియో తీయండి. కణకవచం, దాని లోపలి పలుచని పొర అయిన కణత్వచం రెండూ వేర్వేరని పిల్లలు కళ్లారా చూసేది ఇక్కడే. వెంటనే మంచినీళ్లు పంపితే చాలా కణాలు మళ్లీ నిండుతాయి.

ఇక యానిమేషన్. మర్నాడు వేసి, ఒక్కో భాగం దగ్గర ఆపి, "ఇది నిన్న మనకు కనిపించిందా?" అని అడగండి. కణకవచం, కేంద్రకం కనిపించాయంటారు. రైబోజోములు కనిపించకపోవడానికి కారణం స్లైడు కాదని, అవి ఈ మైక్రోస్కోపుకు అందనంత చిన్నవని, యానిమేషన్‌లోని రంగులు గుర్తుపట్టడానికి వేసినవేనని అప్పుడు చెప్పండి.