త్రికోణం గుర్తుంటే రీసైకిల్ అయిపోతుందా?

"డబ్బా అడుగున బాణాల త్రికోణం ఉంటే అది రీసైకిల్ అవుతుందనేనా?" అని అడిగారు. కాదండీ. అది 1988లో అమెరికాలో ప్లాస్టిక్ కంపెనీల సంఘం పెట్టిన గుర్తు. లోపలి అంకె ఏ రకం ప్లాస్టిక్కో చెబుతుంది, అంతే. 2 అంటే హెచ్‌డీపీఈ (షాంపూ సీసాల ప్లాస్టిక్), 3 పీవీసీ, 5 పీపీ. ఆ గుర్తు చూసి ఏరితే చాలనుకుని చేయి కాల్చుకున్నవాణ్ణి నేను.

హైదరాబాద్ కాటేదాన్‌లో ఒక దానా (పాత ప్లాస్టిక్ కరిగించి తీసే గుళికలు) యూనిట్‌లో నాలుగేళ్లు సూపర్‌వైజర్‌గా చేశాను. షాంపూ సీసాలు, నూనె డబ్బాలు ఏరి, గ్రైండింగ్ చేసి, కడిగి, కరిగించి దానా తీసేవాళ్లం. ఏరడానికి ఒక పెద్దావిడ ఉండేది, అందరం అవ్వ అనేవాళ్లం. ముక్కను నేలకేసి కొట్టి చప్పుడు వినేది. అనుమానం వస్తే అంచు కాల్చి వాసన చూసేది. కొవ్వొత్తి వాసనొస్తే మా సరుకు, అంటే హెచ్‌డీపీఈ. ముక్కు పుటాలదిరేంత ఘాటొస్తే పీవీసీ, పక్కకి విసిరేసేది.

ఒక ఎండాకాలం ఆమె కూతురి కాన్పుకని ఊరెళ్లింది. ఏరడం నేను చూసుకుంటానన్నాను. 2 ఉన్నవన్నీ ఒక కుప్ప పోశాను. గుర్తు లేని ముక్కలు కూడా తెల్లగానే ఉన్నాయి కదా అని అందులోకే తోశాను. మామూలుగా అయితే కడిగే తొట్టిలోనే నా తెలివి బయటపడేది: హెచ్‌డీపీఈ తేలుతుంది, పీవీసీ మునుగుతుంది. ఆ రోజు నీళ్ల ట్యాంకర్ రాలేదు (ఈ ట్యాంకర్ల వాళ్ల బాధ చెప్పాలంటే ఇంకో జవాబు రాయాలి). ఓనరేమో సాయంత్రానికి లోడు పోవాలని ఒకటే టెన్షన్. కడగకుండానే హాపర్‌లో, అంటే కరిగించే మిషన్ గరాటులో, పోశాం. మిషన్ 200 డిగ్రీల పైన నడుస్తోంది. పావుగంటలో కళ్లు మంటలెత్తాయి. తెల్లగా రావాల్సిన ప్లాస్టిక్ తీగలు గోధుమరంగులో, బుడగలతో, మాడిన మచ్చలతో వచ్చి, నీళ్లలో పడేలోపే పుటుక్కున తెగుతున్నాయి. అందరం దగ్గుకుంటూ రోడ్డెక్కాం. మిషన్ లోపలి స్క్రూ బయటికి లాగి ఇత్తడి బ్రష్‌తో రుద్దేసరికి రెండ్రోజులు పట్టింది. గుర్తు లేవని తోసేసిన ఆ తెల్ల ముక్కలు కరెంటు పైపులు, అంటే పీవీసీ.

అవ్వ వచ్చాక మిగిలిన పైపు ముక్క తీసి నేలకేసి కొట్టింది. "బొమ్మలేం జూస్తవ్ బిడ్డా, సప్పుడు ఇను" అంది. నిజం చెప్పాలంటే నాకు ఇప్పటికీ ఆ తేడా తెలియదు.

నన్నడిగితే ఏది రీసైకిల్ అవుతుందో పాత సామాన్ల బండివాణ్ణి అడగండి. పాలపాకెట్లు తూకానికి తీసుకుంటాడు. చిప్స్ పాకెట్ ఇచ్చి చూడండి, ముట్టడు. ప్లాస్టిక్ పొర, అల్యూమినియం పొర అతుక్కుని ఉంటాయి, విడదీసే ఓపిక ఎవరికీ లేదు. అన్నట్టు, ఆవకాయ డబ్బాలు పారేసేముందు కాస్త సబ్బునీళ్లతో కడగండి బాబూ. మేం ఎన్నిసార్లు కడిగినా ఆ దానా ఆవపిండి వాసనే వచ్చేది.