1965 ఆరెంజ్ బౌల్‌లో ఓడిపోయినా అలబామా జాతీయ ఛాంపియన్ ఎలా అయింది?

అప్పట్లో అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో ఛాంపియన్‌ను తేల్చే ఫైనల్ లేదు. ఓటింగ్‌తో ర్యాంకులు ఇచ్చేవారు. ఏపీ (అసోసియేటెడ్ ప్రెస్), యూపీఐ (యునైటెడ్ ప్రెస్ ఇంటర్నేషనల్) వార్తా సంస్థల ఆఖరి ఓటింగ్ బౌల్ మ్యాచ్‌లకు, అంటే సీజన్ చివర మంచి జట్లను పిలిచి ఆడించే ఆటలకు, ముందే ముగిసేది. అలా 1964 సీజన్ కిరీటం ఓటమి ఎరుగని అలబామా యూనివర్సిటీ జట్టుకు ముందే దక్కింది.

1965 జనవరి 1 రాత్రి మయామీలో జరిగిన ఆరెంజ్ బౌల్‌లో టెక్సస్ జట్టు అలబామాను 21-17తో ఓడించింది. అలబామా క్వార్టర్‌బ్యాక్ (దాడిని నడిపిస్తూ పాసులు వేసే ఆటగాడు) జో నేమత్‌కు మోకాలి గాయం, మొదట బెంచీ మీదే ఉన్నాడు. వెనకబడ్డాక దిగి 255 గజాల పాసులు వేశాడు. నాలుగో క్వార్టర్‌లో అలబామాకు గోల్ గీత ఆరు గజాల దూరంలో బంతి దొరికింది. గీత దాటించడానికి నాలుగు ప్రయత్నాలు. మొదటి మూడింట్లో స్టీవ్ బౌమన్ పరిగెత్తి గీత దగ్గరదాకా తెచ్చాడు. నాలుగోసారి నేమత్ స్వయంగా బంతి పట్టుకుని దూరాడు. టెక్సస్ ఆటగాడు టామీ నోబిస్, అతని తోటివాళ్లు గీత దాటనివ్వలేదు. ఓడినా మ్యాచ్‌లో ఉత్తమ ఆటగాడు నేమతే, అది న్యాయమే.

అదే రోజు ఆర్కన్సా నెబ్రాస్కాను 10-7తో గెలిచి ఓటమి లేకుండా సీజన్ ముగించింది. ఫుట్‌బాల్ రచయితల సంఘం ఆర్కన్సాకే పట్టం కట్టింది. నా దృష్టిలో అసలు ఛాంపియన్ ఆ జట్టే. మరుసటి సీజన్‌కు ఏపీ బౌల్ మ్యాచ్‌లు అయ్యాకే ఓటింగ్ పెట్టింది. ఆ మార్పు కలిసొచ్చింది కూడా అలబామాకే: నెబ్రాస్కాను 39-28తో ఓడించి మళ్లీ మొదటి స్థానం అందుకుంది.