గొర్రె పిల్లలు గిరగిర తిరుగుతుంటే పొట్టేలును అనుమానించకండి, కుక్కలకు మందు వేయండి

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మాకు నూట పది జీవాలున్నాయి. నిరుడు సంతలో కొత్త పొట్టేలును తెచ్చాం. దానికి పుట్టినవాటిలో ఐదు పిల్లలు పది నెలల వయసొచ్చేసరికి తల ఒక పక్కకు వాల్చి గిరగిర తిరుగుతున్నాయి. మంద వెనకబడి ముళ్లకంపలోకి పోయి నిలబడుతున్నాయి. ఒకటి ఎప్పుడూ ఎడమకే తిరుగుతుంది, దానికి కుడి కన్ను కనబడడం లేదు. మిగతావి కుడికి తిరుగుతున్నాయి. రెండింటిని అమ్మేశాం, ఒకటి చచ్చింది. మందుల షాపులో ఐవర్‌మెక్టిన్ ఇస్తే నెలలో మూడుసార్లు మంద మొత్తానికి వేశాం. తగ్గలేదు. పొట్టేలు జీన్స్‌లోనే, అంటే జన్యువుల్లోనే తేడా ఉందని, డీఎన్ఏ పరీక్ష చేయించమని షాపతను అంటున్నాడు. పొట్టేలును తీసేయాలా? కవలలు ఈనే జీన్ ఉన్న పొట్టేళ్లు దొరుకుతాయంటున్నారు, నిజమేనా? చచ్చినదాని తల పగలగొడితే లోపల నీళ్ల సంచి కనబడింది. ఆ తలను మంద కుక్కలకు వేశాం.
– గొర్రెల పెంపకందారు, కోయిల్‌కొండ మండలం, మహబూబ్‌నగర్ జిల్లా

జవాబు: పొట్టేలును అమ్మకండి. దాని తప్పేమీ లేదు. అసలు సంగతి మీ చివరి రెండు వాక్యాల్లో ఉంది, మొదట రాయాల్సింది అదే. మీరు రాసినదాన్ని బట్టి ఇది గిడ్ వ్యాధి. కుక్కల పేగుల్లో ఉండే ఒక బద్దెపురుగు పిల్లదశలో గొర్రె మెదడుకు చేరి సంచిగా ఎదగడం వల్ల వస్తుంది.

ముందు జీన్స్ సంగతి తేల్చేద్దాం. నిరుడు మీ మందలో పొట్టేలు అదొక్కటే అయితే పుట్టిన పిల్లలన్నీ దానివే. జబ్బు పడిన ఐదింటికీ, ఆరోగ్యంగా మేస్తున్న మిగతా వాటికీ తండ్రి ఒక్కటే. ఇక దాన్ని తప్పుపట్టడానికి ఆధారమేముంది? వంశపారంపర్యంగా వచ్చే మెదడు లోపాల్లో చాలావాటికి తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా చెడ్డ జీన్ అందాలి. బయటి నుంచి తెచ్చిన పొట్టేలుకూ మీ గొర్రెలకూ చుట్టరికం లేనప్పుడు అది అరుదు. అలాంటి లోపాలు ఎక్కువగా పుట్టగానే, లేదంటే కొద్ది వారాల్లో బయటపడతాయి. పది నెలలు బాగా పెరిగిన పిల్లలు ఒకటి ఎడమకు, ఇంకోటి కుడికి తిరగడం జీన్ చేసే పని కాదు.

జీన్స్‌తో ముడిపడిన గొర్రెల మెదడు జబ్బు ఒకటి ఉన్నమాట నిజమే. దాని పేరు స్క్రేపీ. ప్రియాన్ అనే మాంసకృత్తి వంకరపోయి మెదడును పాడుచేస్తుంది. ఆ ప్రియాన్‌ను కనిపెట్టినందుకే స్టాన్లీ ప్రూసినర్‌కు 1997లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ మాంసకృత్తిని తయారుచేసే జీన్ ఏ రకానిదన్న దాన్ని బట్టి కొన్ని గొర్రెలు జబ్బును తట్టుకుంటాయి, కొన్ని తట్టుకోలేవు. షాపతను ఫోన్‌లో చూసింది దీని గురించే కావచ్చు. కానీ స్క్రేపీ ఎక్కువగా రెండేళ్లు దాటిన గొర్రెల్లో కనబడుతుంది. అవి దురదతో ఒళ్లు గోడకూ చెట్టుకూ రాసుకుంటూ బొచ్చు పోగొట్టుకుంటాయి. మీ పిల్లల లక్షణాలు అవి కావు. డీఎన్ఏ పరీక్షకు ఒక్క రూపాయి కూడా ఖర్చుపెట్టకండి.

ఎడమకే తిరుగుతూ కుడి కన్ను కనబడని పిల్ల సంగతి చూడండి. సంచి సాధారణంగా మెదడులో ఏ పక్క ఉంటే జీవం ఆ పక్కకే తిరుగుతుంది. చూపు మాత్రం అవతలి పక్క కంటికి పోతుంది, ఎందుకంటే కుడి కంటి నరాల్లో ఎక్కువ భాగం ఎడమ మెదడుకు వెళతాయి. కాబట్టి దాని సంచి ఎడమ పక్కన ఉంది. చచ్చినదాని తలలో మీరు చూసిన సంచి పలుచటి పొరతో ఉండి ఉంటుంది, లోపల తేటనీరు, పొరకు లోపలి వైపు బియ్యపు నూకల్లాంటి తెల్లటి చుక్కలు గుంపులు గుంపులుగా అంటుకుని ఉంటాయి. ఆ చుక్కల్లో ప్రతిదీ ఒక బద్దెపురుగు తల. ఒక్క సంచిలో అవి వందల్లో కూడా ఉండొచ్చు. కుక్క ఆ మెదడును తింటే ఆ తలలు దాని పేగుకు అతుక్కుని పురుగులుగా ఎదుగుతాయి. సుమారు ఆరు వారాలకు గుడ్లు కుక్క మలంలో పడడం మొదలవుతుంది. ఆ గుడ్లు గడ్డి మీదా నీటి కుంటల దగ్గరా పడి, మేతతో పిల్లల కడుపులోకి పోతాయి. అక్కడ గుడ్లలోంచి బయటపడిన పిల్లపురుగులు రక్తంలో కలిసి మెదడుకు చేరతాయి. సంచి పెద్దదై లక్షణాలు బయటపడడానికి ఆరు నుంచి ఎనిమిది నెలలు పడుతుంది. అంటే మీ పిల్లలకు ఇది రెండు నుంచి నాలుగు నెలల వయసులోనే అంటుకుంది.

ఇక ఇంజెక్షన్లు. నెలలో మూడుసార్లు నూట పది జీవాలకు ఐవర్‌మెక్టిన్ వేయించిన ఆ షాపతను ఒక్క జీవాన్నైనా ముట్టుకుని చూశాడా? ఐవర్‌మెక్టిన్ మంచి మందే. జపాన్‌లో సతోషి ఒమురా మట్టిలోంచి తీసిన సూక్ష్మజీవి నుంచి వచ్చింది. ఆయనకూ విలియం క్యాంప్‌బెల్‌కూ 2015లో నోబెల్ వచ్చింది కూడా ఈ మందుతోనే. అయితే అది పనిచేసేది గుండ్రటి పురుగుల మీద, పేలు, గజ్జి పురుగుల్లాంటి వాటి మీద. వాటి నరాల్లో ఉండే కొన్ని ద్వారాలను తెరిచేసి వాటిని చచ్చుబడేలా చేస్తుంది. బద్దెపురుగుల మీద దాని ప్రభావం లేదు. పైగా అది మెదడులోకి దాదాపు పోదు. మెదడు రక్తనాళాల గోడల్లో ఒక మాంసకృత్తి కాపలా ఉండి ఆ మందును బయటకు నెట్టేస్తుంది. ఈ సంగతి ఒక ల్యాబ్‌లో అనుకోకుండా తేలింది. నెదర్లాండ్స్‌లో ఆ కాపలా జీన్‌ను తీసేసిన ఎలుకలకు పురుగులు పడితే ఐవర్‌మెక్టిన్ చల్లారు. మామూలు ఎలుకలు బాగానే ఉన్నాయి, జీన్ లేనివి చచ్చిపోయాయి. 1994లో ఆ ఫలితాలు ప్రచురించారు. కొన్ని కోలీ జాతి కుక్కల్లో కూడా అదే జీన్ పుట్టుకతో చెడిపోయి ఉంటుంది, వాటికి ఈ మందు ఎక్కువ మోతాదులో ఇస్తే ప్రాణం మీదికి వస్తుంది. మీ గొర్రెల్లో కాపలా గట్టిగానే ఉంది, అందుకే అవి బతికాయి, మందూ సంచి దాకా పోలేదు.

ముక్కు నుంచి చీమిడి కారుతూ తుమ్మే గొర్రెలకు ఈ ఇంజెక్షన్ వేస్తే తగ్గడం మీరు చూసే ఉంటారు. అది ముక్కులో చేరే ఈగ పిల్లపురుగుల మీద పనిచేస్తుంది. అవి ఉన్నప్పుడు కూడా గొర్రె తల ఊపుతూ తూలుతుంది, దాన్నే చూసి నమ్మకం పెరిగిపోయింది. అవసరం ఉన్నప్పుడు ఒక శాతం ద్రావణం 50 కిలోల బరువుకు ఒక మి.లీ. లెక్కన చర్మం కింద ఒక్కసారి చాలు, అంటే 25 కిలోల పిల్లకు అర మి.లీ. ఊరికే పదేపదే వేస్తే కడుపులోని పురుగులు మందుకు అలవాటు పడి, రేపు నిజంగా అవసరమైనప్పుడు పనిచేయదు. ఇక్కడితో ఆ ఇంజెక్షన్ ఆపేయండి. ఇంకో మాట. ఇప్పుడు అదే షాపులో ఆల్బెండజోల్ తాగించమంటారు. మామూలు మోతాదు ఎదిగిన సంచిని ఏమీ చేయదు. పైగా పొట్టేలు దాటిన మొదటి నెలలో ఆల్బెండజోల్ తాగిస్తే కడుపులోని పిల్లలు అవయవ లోపాలతో పుట్టే ప్రమాదం ఉంది. ఆ రోజుల్లో నట్టల మందు తప్పనిసరైతే ఫెన్‌బెండజోల్ కిలో బరువుకు 5 మి.గ్రా. వాడండి.

మీరు చేయాల్సిన పని కుక్కల దగ్గర ఉంది. రేపే మొదలుపెట్టండి. మందతో తిరిగే ప్రతి కుక్కకూ ప్రాజిక్వాంటెల్ కిలో బరువుకు 5 మి.గ్రా. నోటి ద్వారా ఇవ్వాలి. షాపుల్లో దొరికే, రెండు మూడు మందులు కలిపిన మాత్రల్లో ఎక్కువగా ఒక్కో దాంట్లో 50 మి.గ్రా. ప్రాజిక్వాంటెల్ ఉంటుంది, పది కిలోల బరువుకు ఒక మాత్ర. మన మంద కుక్కలు చాలావరకు 15 నుంచి 25 కిలోలు ఉంటాయి. ఇరవై కిలోల దానికి రెండు మాత్రలు. అంచనాతో వేయకండి, మీరు కుక్కను ఎత్తుకుని కాటా ఎక్కండి, తర్వాత మీ బరువు తీసేయండి. మాత్రను రొట్టె ముక్కలోనో మాంసం ముక్కలోనో పెట్టి ఇచ్చి, మింగిందో లేదో చూసుకోండి. చాలా కుక్కలు ముక్కను తిని మాత్రను ఉమ్మేస్తాయి. మాత్ర వేశాక రెండు రోజులు కట్టేసి ఉంచండి. మందు పురుగును చంపుతుంది కానీ అందులోని గుడ్లను చంపదు. ఆ రెండు రోజుల మలాన్ని ఏరి కాల్చండి, లేదంటే లోతుగా పాతండి. ఫినాయిల్ చల్లితే ఆ గుడ్లు చావవు. మళ్లీ ఆరు వారాలకు, ఆ తర్వాత ప్రతి ఆరు వారాలకూ ఇదే మోతాదు. కుక్క మళ్లీ ఎక్కడైనా తలకాయ తిన్నా, కొత్త పురుగు గుడ్లు పెట్టే లోపు చచ్చిపోవాలనే ఈ గడువు. గొర్రెలకు ఏటా టీకాలు వేయించే కాపరులు కూడా కుక్కను మాత్రం పట్టించుకోరు. దానికి రేబిస్ టీకా కూడా ఉండదు.

చచ్చిన గొర్రె తలను ఇక ఏ కుక్కకూ వేయకండి. కాల్చండి, లేదంటే మూడు నాలుగు అడుగుల లోతున పాతి పైన రాళ్లు పెట్టండి. ఊళ్లో కోత కోసే చోట కూడా ఈ మాట చెప్పండి, తలకాయలు వీధి కుక్కలకు విసిరేస్తే మీరు వేసిన మాత్రలన్నీ వృథా. మీరు అమ్మేసిన ఆ రెండు పిల్లల తలలు ఎక్కడ పడ్డాయో ఎవరికి తెలుసు? తిరుగుతున్న జీవాన్ని సంతకు తోలడమంటే జబ్బును ఇంకో ఊరికి పంపడమే. బాగా ఉడికించిన తలకాయ కూర తింటే మనుషులకు ఇది రాదు. మనకు ముప్పు కుక్క మలంలోని గుడ్లతోనే. అరుదుగా ఇదే పురుగు మనిషి మెదడుకూ కంటికీ చేరుతుంది. అదే కుక్కల్లో ఉండే ఇంకో చిన్న బద్దెపురుగు మన కాలేయం, ఊపిరితిత్తుల్లో నీటి సంచులు పుట్టిస్తుంది. పైన చెప్పిన మాత్ర దానికీ పనిచేస్తుంది. పిల్లలు కుక్కతో ఆడాక సబ్బుతో చేతులు కడుక్కునేలా చూడండి.

మిగిలిన రెండు పిల్లల సంగతి. వాటి నెత్తి ఎముకను బొటనవేలితో మెల్లగా నొక్కి చూడండి. సంచి పైభాగంలోనే ఉంటే ఒక్కోచోట ఎముక పలుచబడి మెత్తగా తగులుతుంది. అలాంటి దానికి పశువైద్యులు ఆపరేషన్ చేసి సంచి తీసేయగలరు, చాలావరకు కోలుకుంటాయి. మంచి ఆడపిల్లయితే చేయించండి. పొట్టేలు పిల్లయితే ఖర్చు గిట్టదు. మేత మానేసి చిక్కిపోకముందే కోతకు ఇచ్చేయండి, తల మాత్రం మీరే వెనక్కి తీసుకుని కాల్చండి.

తిరిగే ప్రతి గొర్రెకూ గిడ్ అనుకోకూడదు. జ్వరం 104 దాటి, ఒక చెవి వాలి, చొంగ కారుతూ నాలుగైదు రోజుల్లోనే పడిపోతే అది లిస్టీరియా అనే సూక్ష్మజీవి వల్ల వచ్చే జబ్బు. ధాన్యం, జొన్నలు ఎక్కువగా తిన్నాక చూపు పోయి తల వెనక్కి విరుచుకుంటే బి1 విటమిన్ లోపం, థయమిన్ కిలోకు 10 మి.గ్రా. వెంటనే పడితే లేచి నిలబడుతుంది. పిచ్చికుక్క కరిచిందన్న అనుమానం ఏమాత్రం ఉన్నా మీరు తల పగలగొట్టకూడదు, నోట్లో చేయి పెట్టకూడదు. 1962కు ఫోన్ చేయండి. ఆ అనుమానం లేని జీవం ఈసారి ఏదైనా చస్తే తలను ప్లాస్టిక్ సంచిలో పెట్టి, ఐసు పెట్టెలో ఆ రోజే జిల్లా కేంద్రంలోని పశువ్యాధి నిర్ధారణ ల్యాబ్‌కు చేర్చండి.

కవలల జీన్ ఉన్నమాట నిజం. బెంగాల్ గారోల్ గొర్రెల్లో ఉంది, ఆస్ట్రేలియాలోని బూరూలా గొర్రెలకూ అక్కడి నుంచే పోయింది. ఒక జీన్‌లో ఒక్క అక్షరం మారడం వల్ల అండాలు ఎక్కువ విడుదలవుతాయని 2001లో తేలింది. మహారాష్ట్రలోని ఫల్టణ్‌లో దాన్ని మన దక్కనీ గొర్రెల్లోకి ఎక్కించి నారి సువర్ణ అనే రకం తయారుచేశారు. పొట్టేలుకు ఆ జీన్ ఉందో లేదో రక్తం చుక్కతో ల్యాబ్‌లో తెలుస్తుంది, సంతలో చూసి ఎవరూ చెప్పలేరు. రిపోర్టు లేకుండా ఎవరైనా అమ్మితే కొనకండి. వలస తిరిగే మందలో తల్లికి దాణా లేకపోతే రెండో పిల్ల పాలు చాలక చస్తుంది. ఈ ఏడాది ఆ ఆలోచన వద్దు. ఇప్పుడున్న పొట్టేలునే ఉంచుకోండి. దాని కూతుళ్లు ఎదకు వచ్చేసరికి, అంటే దాన్ని తెచ్చి రెండేళ్లు నిండేలోపు, ఇంకో ఊరి పొట్టేలుతో మార్చుకోండి. జీన్స్ గురించి మీరు నిజంగా భయపడాల్సింది తండ్రీకూతుళ్ల సంపర్కం దగ్గరే.

కుక్కలకు మందు వేశాక కూడా మరో ఏడెనిమిది నెలలు ఒకటీ అరా పిల్ల తిరగొచ్చు. అవి ఇప్పటికే గుడ్లు తిన్నవి. అది చూసి టెన్షన్ పడి మాత్రలు ఆపేయకండి, మళ్లీ ఇంజెక్షన్ల జోలికి పోకండి. కోతలయ్యాక మందను కృష్ణా నది వైపు తోలుకుపోయేటట్లయితే బయల్దేరడానికి మూడు రోజుల ముందే కుక్కలకు మాత్ర వేసి, రెండు రోజులు ఇంటి దగ్గర కట్టేసి, ఆ తర్వాత మంద వెంట తీసుకెళ్లండి. ఆరు వారాలకోసారి వేయాల్సిన మాత్రలు మూటలో పెట్టుకోండి. మీతోపాటు మంద నిలిపే మిగతా కాపరుల కుక్కలకూ అదే రోజున వేయించండి.